మూడు శాఖలకూ ఒకే వయసుల పట్టిక ఉండాలి: విద్య, ఆర్థిక, జనగణన అధికారులకు బహిరంగ లేఖ

అయ్యలారా, అమ్మలారా,

బడుల బడ్జెట్ తయారుచేసేవారికి, ఆ బడ్జెట్‌కు కత్తెర వేసేవారికి, జనన మరణాల రిజిస్టర్లు చూసుకునేవారికి, ముగ్గురికీ కలిపి ఈ ఒక్క లేఖ రాస్తున్నాం. విడిగా రాస్తే జవాబులూ విడివిడిగానే వస్తాయి. అసలు తిరకాసు అక్కడే ఉంది. విద్యాశాఖ నిరుటి నమోదు మీద ఒకటో రెండో శాతం కలిపి ఈ ఏటి అంచనా వేస్తుంది. ఆర్థిక శాఖ నిరుటి ఖర్చు మీద ధరల పెరుగుదల కలుపుతుంది. ఉపాధి లెక్కలు చూసేవారు పదిహేనేళ్లు దాటిన అందరినీ ఒకే గాటన కట్టి నిరుద్యోగ శాతం ప్రకటిస్తారు. మూడు కాగితాలు పక్కపక్కన పెడితే అవి ఒకే దేశానివని నమ్మబుద్ధి కాదు.

వచ్చే ఆరేళ్లలో ఒకటో తరగతిలో చేరబోయే పిల్లలు దాదాపు అందరూ ఇప్పటికే పుట్టారు. ఇరవై ఏళ్ల తర్వాత ఉద్యోగాల కోసం క్యూ కట్టేవాళ్లలో ఎక్కువమంది ఇవాళ బళ్లో ఉన్నారు, లేదా ఉయ్యాల్లో ఉన్నారు. నలభై ఏళ్ల తర్వాత పెన్షన్ అడగబోయేవాళ్లు ఇవాళ డిగ్రీ పరీక్షలు రాస్తున్నారు. వీళ్ల సంఖ్య కోసం జోస్యం చెప్పనక్కర్లేదు, కూర్చుని లెక్క కడితే చాలు. అందుకే మేం అడిగేది ఒక్కటే: ఒక్కో ఏడు వయసుకి ఎంతమంది, అందులో ఆడా మగా ఎందరు, వాళ్లు ఎంతవరకు చదివారు, ఈ మూడూ ఉన్న ఒకే పట్టిక తయారుచేయండి. మూడు శాఖల బడ్జెట్లూ దాని మీంచే గీయండి.

జపాన్‌లో అరవై ఏళ్ల పంచాంగ చక్రం ప్రకారం 1966 అగ్ని గుర్రం సంవత్సరం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల మొగుడికి చేటు తెస్తుందని అక్కడ పాత నమ్మకం. దాంతో 1965లో 18.2 లక్షలున్న జననాలు 1966లో 13.6 లక్షలకు పడిపోయి, 1967లో 19.4 లక్షలకు లేచాయి. ఆ పలచటి బ్యాచ్ 1973 ప్రాంతంలో ఒకటో తరగతికి, 1980ల మధ్యలో కాలేజీ ప్రవేశ పరీక్షలకు వచ్చింది. ఏ తరగతి ఎప్పుడు ఖాళీగా కనబడుతుందో 1966 డిసెంబరులోనే చెప్పేయొచ్చు. అదే 1966లో రొమేనియా ప్రభుత్వం గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధిస్తూ డిక్రీ తెచ్చింది. జననాలు 2.74 లక్షల నుంచి మరుసటి ఏడు 5.28 లక్షలకు ఎగబాకాయి. ఆ పిల్లలు ఎక్కడికి వెళ్తే అక్కడ ఇరుకే: ముందు ప్రసూతి వార్డులో, తర్వాత తరగతి గదిలో, చివరికి ఉద్యోగాల దగ్గర.

పిల్లల సంఖ్యలో ఇలాంటి ఉబ్బు ఎప్పుడూ జననాల వల్లే రానక్కర్లేదు, ఒక ఉత్తర్వుతోనూ వస్తుంది. ఉగాండాలో 1997లో ప్రాథమిక విద్య ఫీజులు ఎత్తేయగానే నమోదు ఒక్క ఏడాదిలో సుమారు 31 లక్షల నుంచి 53 లక్షలకు పెరిగింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం పదమూడో తరగతి తీసేస్తే 2003లో రెండు బ్యాచ్‌లు ఒకేసారి యూనివర్సిటీ గుమ్మం ముందు నిలబడ్డాయి. ఫీజు ఎత్తేయడం మంచి పనే, మేం తప్పుబట్టడం లేదు. కానీ ఆ ఉబ్బు అయిదేళ్లకు పై తరగతులకు, పదేళ్లకు ఉద్యోగాల బజారుకు వస్తుందని ఆ ఉత్తర్వు రాసిన రోజే పట్టికలో ఎక్కించాలి.

పట్టిక ఎలా కట్టాలో చెబుతాం. మొదటి గడిలో జననాలు. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. కాన్పులు పట్నం ఆసుపత్రుల్లో అవుతాయి, జననం అక్కడే నమోదవుతుంది. తల్లి ఉండే ఊరి ప్రకారం లెక్కించకపోతే కాగితం మీద పట్నంలో పిల్లలు పుట్టలు పుట్టలుగా, పల్లెల్లో పిల్లలే లేనట్టుగా కనిపిస్తుంది. దాన్ని నమ్మి పట్నంలో గదులు కట్టి పల్లెలో బడి మూస్తారు. రెండోది నమోదు ఎంత పూర్తిగా జరిగిందో చూడటం. పుట్టగానే వేసే బీసీజీ టీకా లెక్కను, ఆరేళ్ల తర్వాత ఒకటో తరగతిలో కొత్తగా చేరినవారి లెక్కను జనన రిజిస్టర్‌తో పోల్చితే లోటు బయటపడుతుంది. ఉదాహరణకు ఒక ప్రాంతంలో 10,000 జననాలు నమోదయ్యాయి, నమోదు 92 శాతమే అనుకుందాం. అసలు జననాలు సుమారు 10,870. వారిలో 96 శాతం ఆరేళ్లు నిండేదాకా బతికితే 10,435 మంది. దీనికి వలస వచ్చినవారిని కలిపి, వెళ్లినవారిని తీసేయాలి. వలసకు వేరే సర్వే లేకపోతే బదిలీ సర్టిఫికెట్లే దిక్కు. కుటుంబం కదలగానే ముందు కదిలే కాగితం అదే.

తర్వాత తరగతి నుంచి తరగతికి. ప్రతి తరగతిలోనూ మూడు రకాలవారే ఉంటారు: పైకి వెళ్లినవారు, అక్కడే ఉండిపోయినవారు, మానేసినవారు. మూడూ కలిపితే 100 రావాలి. వంద దాటితే ఎక్కడో ఒక పిల్లవాడు రెండు రిజిస్టర్లలో ఉన్నాడన్నమాట. 90 శాతం పైకి, 6 శాతం అక్కడే, 4 శాతం మానేశారు అనుకోండి. 4 శాతమే కదా అని నివేదికల్లో ఒక వాక్యంతో దాటేస్తారు. ఉండిపోయినవారికి కూడా ఇవే రేట్లు వర్తిస్తే, ఒక తరగతి దాటేవారు చివరికి 90ని 94తో భాగించినంత, అంటే 95.7 శాతం. ఒకటి నుంచి అయిదో తరగతికి నాలుగు మెట్లు: వందలో 84 మంది మిగులుతారు. పదో తరగతికి తొమ్మిది మెట్లు: 68 మంది. ఏటా నాలుగేనన్న ఆ లెక్క పదో తరగతికి వచ్చేసరికి వందలో 32 మందిని మింగేసింది.

ఈ లెక్కను పాడుచేసేవి కొన్ని ఉన్నాయి. పూర్వ ప్రాథమిక బడి లేని చోట నాలుగేళ్ల పిల్లల్ని, అయిదేళ్ల పిల్లల్ని తెచ్చి ఒకటో తరగతిలో కూర్చోబెడతారు. వాళ్లు అక్కడే రెండేళ్లు ఉంటారు. దాంతో ఒకటో తరగతి నమోదు రెండో తరగతి కంటే చాలా ఎక్కువ కనబడుతుంది, మానేసేవారు విపరీతంగా ఉన్నారని నివేదిక రాస్తారు. నిజానికి కావలసింది శిశు తరగతి, అధికారులు మొదలుపెట్టేది డ్రాపౌట్ల మీద ప్రచారం. మొత్తం నమోదు నిష్పత్తి, అంటే బళ్లో చేరినవారందరినీ ఆ బడి వయసు పిల్లల సంఖ్యతో పోల్చే లెక్క, 110 శాతం వచ్చిందని సంబరపడే ప్రకటనలు కూడా ఈ కోవలోవే. వయసు మించినవాళ్లూ తక్కువైనవాళ్లూ కలిసి చేసిన అంకె అది. నిధులు తలల లెక్కన ఇచ్చే చోట రిజిస్టర్లు ఉబ్బుతాయి, వారాన్నీ తేదీనీ ముందు చెప్పకుండా తలలు లెక్కపెడితే తప్ప ఉబ్బు దిగదు. ఇక జనగణనలో వయసు అడిగితే చాలామంది సున్నాతోనో అయిదుతోనో ముగిసే అంకె చెబుతారు. ఈ అలవాటును కొలిచే విప్పుల్ సూచీ 100 ఉంటే ఆ దోషం లేనట్టు, 500 ఉంటే అందరూ అలాగే చెప్పినట్టు. ఆ సూచీ చూడకుండా ఒక్కో ఏడు వయసుల అంకెలు వాడకండి.

ఇంతవరకూ జనాభా బడిని ఎలా మారుస్తుందో చెప్పాం. బడి జనాభాను మార్చడం ఇంకా పెద్ద సంగతి. భారత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21లో బడికే వెళ్లని మహిళలకు సగటు సంతానం 2.8, పన్నెండేళ్లు లేదా అంతకుమించి చదివినవారికి 1.8. దీన్ని చూసి చదువే పిల్లల్ని తగ్గించిందని తేల్చేయడం తొందరపాటు. చదివించగలిగిన కుటుంబాలు మిగతా విషయాల్లోనూ వేరుగా ఉండవచ్చు. అందుకే నైజీరియా అనుభవం మాకు ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. అక్కడ 1976లో అందరికీ ఉచిత ప్రాథమిక విద్య తెచ్చారు, కొన్ని ప్రాంతాల్లో ఎక్కువ డబ్బు పెట్టారు, కొన్నిచోట్ల తక్కువ. ఆ తేడాను పట్టుకుని పరిశోధకులు లెక్కగడితే, ఆడపిల్ల ఒక ఏడాది ఎక్కువ చదివితే పాతికేళ్లలోపు కాన్పులు సగటున 0.26 తగ్గాయని తేలింది. దారులు తెలిసినవే: పెళ్లి వెనక్కి జరుగుతుంది, జీతం వచ్చే పని దొరికితే ఇంట్లో ఉండిపోవడం వల్ల పోగొట్టుకునేది పెరుగుతుంది, పుట్టిన బిడ్డ బతుకుతుందన్న ధీమా పెరుగుతుంది, కూలికి పంపాల్సిన పిల్లవాడు బడికి పోతే పిల్లలు ఆదాయం కాకుండా ఖర్చవుతారు.

బంగ్లాదేశ్ 1994లో గ్రామాల్లో ఆరు నుంచి పదో తరగతి వరకు ఆడపిల్లలకు స్టైపెండ్ పెట్టింది. షరతులు మూడు: 75 శాతం హాజరు, పరీక్షల్లో 45 శాతం మార్కులు, అప్పటిదాకా పెళ్లి కాకుండా ఉండటం. 1970ల మధ్యలో ఆరుకు పైన ఉన్న సంతానోత్పత్తి రేటు (ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లలు) 2011 నాటికి 2.3కి దిగింది. ఇందులో స్టైపెండ్ వాటా ఎంత, ఇంటింటికీ తిరిగిన కుటుంబ నియంత్రణ కార్యకర్తల వాటా ఎంత, దుస్తుల ఫ్యాక్టరీల్లో దొరికిన జీతాల వాటా ఎంత అని విడదీయడం కష్టం. మా దృష్టిలో విడదీయకపోవడమే మేలు. మూడూ ఒకేసారి దొరికిన ఊళ్లలో పదిహేనేళ్ల అమ్మాయికి పెళ్లికి బదులుగా చూపించడానికి ఇంకో దారి ఉంది. ఒక్కటే దొరికితే ఆ దారి మధ్యలో ఆగిపోతుంది.

జననాలు తగ్గినా జనాభా వెంటనే తగ్గదు. సగటు సంతానం భర్తీ స్థాయి 2.1కి, అంటే తల్లిదండ్రుల స్థానాన్ని పిల్లలు సరిగ్గా నింపే స్థాయికి, చేరినా, అంతకుముందు పుట్టిన పెద్ద బ్యాచ్‌ల అమ్మాయిలు తల్లులవుతూ ఉంటారు కాబట్టి రెండు మూడు దశాబ్దాలు మొత్తం జననాలు ఒక మాదిరిగా నిలబడతాయి. విద్యాశాఖ మత్తుగా ఉండేది సరిగ్గా ఈ కాలంలోనే. తర్వాత తల్లులే తక్కువవుతారు, అప్పుడు తగ్గుదల ఒక్కసారిగా మీద పడుతుంది. దక్షిణ కొరియాలో 1970లో దాదాపు 10 లక్షల మంది పుట్టారు, 2002లో 5 లక్షల లోపు, 2023లో 2.3 లక్షలు. 2002లో పుట్టినవారిలో అమ్మాయిలు రెండున్నర లక్షల లోపే. వారికి తలా ఒక బిడ్డ పుట్టినా ఆ సంఖ్య దాటదు. ప్రోత్సాహకాలు ఎన్ని పెంచినా లేని తల్లులు రారు. 2021లో అక్కడి కాలేజీల్లో సుమారు 40 వేల సీట్లు మిగిలిపోయాయి, దెబ్బ ఎక్కువగా తగిలింది రాజధానికి దూరంగా ఉన్న వాటికే.

ఆర్థిక శాఖవారికి ఇక్కడ ఒక మాట. పిల్లలు తగ్గితే ఖర్చు కూడా అంతే తగ్గుతుందని మీ నోట్లలో రాసి ఉంటుంది. తగ్గదు. బడి ఖర్చు పిల్లవాడి లెక్కన కాదు, సెక్షన్ లెక్కన నడుస్తుంది. పైన చెప్పిన 10,435 మంది 600 బడుల్లో చేరితే ఒక్కో ఒకటో తరగతిలో సగటున 17 మంది. జననాలు 20 శాతం తగ్గితే 14 మంది. మూడు బల్లలు ఖాళీ అయ్యాయి, ఏ బళ్లోనూ టీచర్ ఖాళీ కాలేదు, గది ఖాళీ కాలేదు. తలసరి ఖర్చు పెరిగింది. అంకె చూసి కంగారుపడి, ఇంతమంది లోపుంటే మూసేయాలి అని ఒక గీత గీయడం చాలా దేశాల్లో జరిగేదే.

చైనా 2001 నుంచి పల్లె బడుల్ని పెద్దయెత్తున కలిపేసింది. పదేళ్లలో పల్లె ప్రాథమిక బడులు సగానికి తగ్గాయి. పిల్లలు దూరాలు నడవాల్సి వచ్చింది, ఏడెనిమిదేళ్లవాళ్లు హాస్టళ్లలో చేరారు, మానేసినవాళ్లు మానేశారు, కుటుంబాలు రవాణాకు, వసతికి కొత్తగా ఖర్చు పెట్టుకున్నాయి. 2012లో కేంద్ర ప్రభుత్వమే ఈ విలీనాలకు బ్రేకు వేసింది. ప్రభుత్వ లెక్కల్లో మిగిలిన డబ్బు తల్లిదండ్రుల జేబులోంచి పోయింది, అంతే తేడా. బడి మూయాలా వద్దా అన్నది పిల్లల సంఖ్యను బట్టి కాకుండా, అది మూసేస్తే చిన్న తరగతుల పిల్లవాడు ఎంత దూరం, ఎంతసేపు వెళ్లాలన్నదాన్ని బట్టి తేల్చండి. ఒకటి నుంచి మూడో తరగతి వరకు ఊళ్లోనే ఉంచి, రెండు మూడు తరగతులు కలిపి చెప్పడంలో టీచర్‌కు ప్రత్యేక శిక్షణ ఇచ్చి, పై తరగతుల్ని మాత్రం కలపడం చాలాచోట్ల నడుస్తుంది. శిక్షణ లేకుండా కలిపితే ఒక తరగతికి పాఠం చెబుతుంటే రెండో తరగతి ఎక్కాలు వల్లిస్తూ కూర్చుంటుంది.

టీచర్ల విషయంలో అయితే కంగారు అసలే అక్కర్లేదు. ఉద్యోగకాలం సుమారు 33 ఏళ్లు, వయసులు సమానంగా పరచుకుని ఉంటే 1,000 మందిలో ఏటా 30 మంది రిటైరవుతారు, పదేళ్లలో 300 మంది. ఆ పదేళ్లలో అవసరం 200 మేర తగ్గేట్టయితే ఒక్కరినీ తీయకుండానే సరిపోతుంది, పైగా ఏటా 10 మందిని కొత్తగా తీసుకోవాలి. ఆ పదిమందిని మాత్రం ఆపకండి. నియామకాలు పూర్తిగా నిలిపేస్తే టీచర్ శిక్షణ కాలేజీలు మూతపడతాయి, పదిహేనేళ్ల తర్వాత నడివయసు టీచర్లు ఉండరు, ఒకేసారి వేలమంది రిటైరయ్యే ఏడాది వస్తుంది. ఎప్పుడో ఉబ్బు వచ్చినప్పుడు గుంపుగా తీసుకున్న చోట ఈ ప్రమాదం మరీ ఎక్కువ. కాబట్టి పట్టికలో టీచర్ల వయసులు కూడా ఉండాలి, అదీ సబ్జెక్టువారీగా. మొత్తం మీద మిగులు కనిపించే రాష్ట్రంలోనే గణితం టీచరు లేని బడులుంటాయి.

ఇక అందరూ ఉపన్యాసాల్లో వాడే జనాభా డివిడెండ్ సంగతి, అంటే జనాభాలో పని వయసువారి వాటా పెరగడం వల్ల వచ్చే లాభం. పని వయసువారు 100 మందికి పిల్లలూ ముసలివారూ కలిసి 80 మంది ఉన్నారనుకోండి. పని వయసువారి వాటా 55.6 శాతం. పిల్లలు తగ్గి ఆ 80 కాస్తా 50 అయితే వాటా 66.7 శాతానికి పెరుగుతుంది. ఒక్కొక్కరు చేసే పని, దాని విలువ ఏమీ మారకపోయినా తలసరి ఆదాయం 20 శాతం పెరగాలి. 1965 నుంచి 1990 వరకు తూర్పు ఆసియా సాధించిన వృద్ధిలో దాదాపు మూడో వంతు దాకా ఇలా వచ్చిందేనని ఆర్థికవేత్తల అంచనా. బాగుంది. కానీ పని వయసువారిలో నిజంగా పనిచేసేవారి వాటా 60 శాతం నుంచి 50 శాతానికి జారితే? 66.7లో సగం 33.3. 55.6లో 60 శాతం కూడా 33.3. ఇరవై శాతం లాభం మొత్తం ఆవిరి.

ఆ వాటా ఎందుకు జారుతుంది? కొంత మంచి కారణంతోనే: పిల్లలు కాలేజీల్లో ఉంటారు. మిగతాది మంచిది కాదు. డిగ్రీ అయ్యాక ప్రభుత్వ పరీక్షల కోసం ఏళ్ల తరబడి కాచుకుని కూర్చునేవాళ్లు, పెళ్లయ్యాక, బిడ్డ పుట్టాక ఉద్యోగం మానేసి మళ్లీ చేరలేని స్త్రీలు. ట్యునీషియా సంతానోత్పత్తి రేటును 2000 నాటికే భర్తీ స్థాయి దగ్గరకు తెచ్చింది, కాలేజీలూ విస్తరించింది. పాఠ్యపుస్తకంలో రాసినట్టే అంతా చేసింది. కానీ 2010 నాటికి అక్కడ తక్కువ చదివినవారి కంటే డిగ్రీ ఉన్నవారిలోనే నిరుద్యోగం ఎక్కువ. ఆ ఏడు చివర్లో మొదలైన తిరుగుబాటు ప్రభుత్వాన్నే కూల్చింది. సీట్ల సంఖ్య విద్యాశాఖ నిర్ణయించి, ఉద్యోగాల సంగతి ఇంకెవరో చూసుకుంటారని వదిలేస్తే జరిగేది ఇదే. డిగ్రీ పొందినవారి ఉపాధిని బ్యాచ్‌వారీగా, కాలేజీ వదిలిన ఒకటో ఏడు, మూడో ఏడు, అయిదో ఏడు లెక్కపెట్టండి. 15 నుంచి 29 ఏళ్లవారి సగటు ఒక్కటి ఇస్తే అందులో బళ్లో ఉన్నవాడూ, వెతుక్కుంటున్నవాడూ, ఆశ వదిలేసినవాడూ కలిసిపోతారు.

స్త్రీల విషయంలో ఒక చిన్న పని చాలా దూరం వెళుతుంది, ఎవరి బడ్జెట్‌లోనూ పడనందువల్ల ఆగిపోతోంది. శిశు తరగతులు మధ్యాహ్నానికే అయిపోతాయి, ఆఫీసులూ ఫ్యాక్టరీలూ సాయంత్రం దాకా నడుస్తాయి. ఆ నాలుగైదు గంటల కోసం తల్లి ఉద్యోగం మానేస్తుంది. ఖర్చు విద్యాశాఖ ఖాతాలో, లాభం పన్నుల ఖాతాలో. కెనడాలోని క్యుబెక్ 1997లో తక్కువ ఫీజుతో శిశు సంరక్షణ మొదలుపెడితే చిన్నపిల్లల తల్లుల ఉపాధి స్పష్టంగా పెరిగింది. అయితే అదే పథకం మీద వచ్చిన అధ్యయనాల్లో పిల్లల ప్రవర్తన దెబ్బతిన్నదని కూడా తేలింది. సీట్లు పెరిగినంత వేగంగా నాణ్యత పెరగకపోవడం దానికి ముఖ్య కారణమని మా అభిప్రాయం. గంటలు పెంచండి, కానీ ఒక్కో ఆయాకు ఎంతమంది పిల్లలన్న హద్దు సడలించకండి.

కొరియా దగ్గరకు మళ్లీ రావాలి, ఎందుకంటే చదువు జనాభాను రెండోసారి, వేరే దారిలో దెబ్బకొట్టడం అక్కడ బాగా కనిపిస్తుంది. 2023లో బడి పిల్లల్లో 78.5 శాతం మంది ప్రైవేటు ట్యూషన్లకు వెళ్లారు. దానికి కుటుంబాలు పెట్టింది 27.1 లక్షల కోట్ల వాన్లు. పైస్థాయి కాలేజీలు కొన్నే, వాటి నుంచి వచ్చే మంచి ఉద్యోగాలు కొన్నే, కాబట్టి ప్రతి ఇల్లూ పక్కింటిని చూసి ఖర్చు పెంచుతుంది. ఎవరి ఖర్చూ సీట్ల సంఖ్యను పెంచదు. ఫలితంగా ఇద్దరిని చదివించలేమని ఒక్కరితో ఆగుతారు, ఆ ఒక్కరికీ భయపడి అసలే వద్దనుకుంటారు. 2023లో అక్కడి సంతానోత్పత్తి రేటు 0.72. కాన్పుకు ఇంత అని నగదు ఇవ్వడం వల్ల ఈ లెక్క మారదు, ఎందుకంటే తల్లిదండ్రులు భయపడుతున్నది పురుటి ఖర్చుకు కాదు. పెద్ద ఉద్యోగానికీ మామూలు ఉద్యోగానికీ జీతంలో ఉన్న అంతరం తగ్గాలి, ఒక్క పరీక్షతో జీవితం తేలిపోవడం ఆగాలి. అది విద్యాశాఖ ఒక్కదాని చేతిలో లేదు.

ఎంత ఖర్చు పెట్టాలన్నదానికి చాలా దేశాలు కలిసి 2015లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్‌లో ఒప్పుకున్న కొలబద్ద ఉంది: జీడీపీలో 4 నుంచి 6 శాతం, లేదా ప్రభుత్వ ఖర్చులో 15 నుంచి 20 శాతం. వయసు చూడకుండా ఈ శాతాన్ని వాడితే తప్పుదారి పడతాం. నైజర్ జనాభాలో దాదాపు సగం 15 ఏళ్లలోపువారు, జపాన్‌లో 11 శాతం చిల్లర. రెండు దేశాలూ జీడీపీలో 4 శాతమే పెట్టాయనుకుంటే, పిల్లల వాటా 48 శాతం ఉన్నచోట ఒక్కో పిల్లవాడికి తలసరి ఆదాయంలో 8 శాతం, 11 శాతం ఉన్నచోట 36 శాతం వస్తుంది. కాబట్టి జీడీపీ శాతంతో పాటు ప్రతి బడ్జెట్ పుస్తకంలోనూ ఒక్కో పిల్లవాడికి తలసరి ఆదాయంలో ఎంత అన్న అంకె అచ్చువేయండి. పిల్లలు తగ్గుతున్న దేశంలో జీడీపీ శాతం తగ్గడం అన్యాయమేమీ కాదు, తలసరి వాటా పెరుగుతున్నంతకాలం. పిల్లలు పెరుగుతున్న దేశంలో శాతం నిలకడగా ఉందని చెప్పుకోవడమే మోసం.

పిల్లలు తగ్గడం వల్ల మిగిలే డబ్బు నిజంగా చేతికి వచ్చేది ఒక్క దశాబ్దంలోనే. అది దాటితే పెన్షన్లు, ఆసుపత్రులు దాన్ని మింగేస్తాయి, వృద్ధుల ఓట్లు కూడా ఎక్కువవుతాయి. ఆ దశాబ్దంలో ఆ డబ్బు విద్య పద్దులోంచి బయటకు పోకుండా ఆపడం ఆర్థిక శాఖ చేయాల్సిన మొదటి పని అని మేం గట్టిగా చెబుతాం. దాన్ని మొదటి మూడు తరగతుల్లో చదవడం, రాయడం గట్టిపడటానికి, ఆ తర్వాత పదో తరగతి దాకా నిలబెట్టడానికి ఖర్చు చేయాలి. తరగతి సైజు ఇంకా తగ్గించడం కంటే ఇది మేలు. 17 మంది ఉన్న తరగతిని 14 చేసినంత మాత్రాన చదవలేని పిల్లవాడు చదవడు.

మరొకటి పెద్దల చదువు. ఇది ఎప్పుడూ చివరి పేజీలో ఉంటుంది, కానీ లెక్క చూస్తే ముందుకు రావాలి. మనిషి బడి చదువు పాతికేళ్లకు ఆగిపోతుంది, పని మాత్రం అరవై దాకా చేస్తాడు. ఉద్యోగకాలం నలభై ఏళ్లయితే ఏటా మారేది శ్రామికుల్లో 2.5 శాతమే. ఇవాళ ఒకటో తరగతిలో తెచ్చిన సంస్కరణ ఫలితం ఉద్యోగాలకు వచ్చేసరికి పన్నెండు నుంచి పదహారేళ్లు, శ్రామికుల్లో సగానికి చేరేసరికి ఇంకో ఇరవై ఏళ్లు. ఈలోగా దేశం వృద్ధురాలైపోతుంది. ఎనిమిదో తరగతితో ఆపేసిన ముప్పై అయిదేళ్లవాళ్లు పట్టికలో ఎంతమంది ఉన్నారో చూసి, వాళ్లకు సాయంత్రం తరగతులు, పని చేస్తూనే సర్టిఫికెట్ తెచ్చుకునే వీలు, ఖాళీ అవుతున్న బడి గదుల్లోనే పెట్టండి. గదులు ఉన్నాయి, కొంత పని గంటలు మిగిలిన టీచర్లూ ఉన్నారు. పెద్దలకు చెప్పే పద్ధతి వేరు కాబట్టి వాళ్లకు కొంత శిక్షణ కావాలి.

చదువుకున్నవారు వలసపోయే ప్రాంతాలకు పై లెక్కలేవీ పూర్తిగా పనికిరావు. బల్గేరియా జనాభా 1989లో దాదాపు 90 లక్షలు, 2021 జనగణనలో 65 లక్షలు. తక్కువ జననాలకు తోడు పని వయసువారు బయటి దేశాలకు వెళ్లిపోవడమూ కారణమే. చదివించిన ఖర్చు ఒక చోట, పన్నులు కట్టేది ఇంకో చోట. దేశం లోపలైనా ఇదే జరుగుతుంది కాబట్టి నిధుల పంపకంలో, ఒక ప్రాంతంలో చదివి వేరే ప్రాంతంలో పనిచేస్తున్నవారి సంఖ్యను లెక్కలోకి తీసుకోవాలి. వలసను ఆపే ప్రయత్నం మాత్రం వద్దు. అది సాధారణంగా ఫలించదు.

మీ నుంచి మేం కోరేవి ఇవి. వచ్చే బడ్జెట్‌కు ముందు పట్టికను అందరూ చూసేలా ప్రకటించండి: ఒక్కో ఏడు వయసు, ఆడా మగా, పూర్తిచేసిన తరగతి, పని చేస్తున్నారా లేదా, జిల్లావారీగా. ఏ గడి అంచనాయో, ఏది నమోదైన లెక్కో వేరే రంగులో చూపించండి. ఏటా జననాల అంకె రాగానే దాన్ని సవరించి, సవరణకు ముందున్న అంకెను చెరిపేయకుండా పక్కనే ఉంచండి. ఎంత తప్పామో తెలిస్తేనే మరుసటి అంచనా మెరుగవుతుంది. బడి మూసివేతల ఉత్తర్వులన్నింటికీ దూరం లెక్క జతచేయండి. టీచర్ల రిటైర్మెంట్ జాబితాను పదేళ్లు ముందుగా, సబ్జెక్టువారీగా బయటపెట్టండి. శిశు తరగతి గంటల ఖర్చును విద్య, కార్మిక శాఖలు చెరి సగం భరించేలా ఒక పద్దు తెరవండి.

వీటిలో కొన్నింటికి డబ్బు కావాలి, కొన్నింటికి చట్టం కావాలి. జనన నమోదు ఫారంలో తల్లి నివాసం తప్పనిసరి గడిగా చేర్చి, లెక్కలు దాని ప్రకారం కూడడానికి మాత్రం రెండూ అక్కర్లేదు. ఒక సర్క్యులర్ చాలు. దాంతో మొదలుపెట్టండి.

ఇట్లు,
జనాభా లెక్కలు, బడి ప్రణాళికలు, కార్మిక గణాంకాల మీద పనిచేసేవాళ్లం